రెండు సీమల రంగునీళ్ళు

మొన్న సంక్రాంతి సెలవులకు మా ఊరు ఆమడగూరు వెళ్ళాను. బస్సు దిగి ఇల్లు చేరేలోపల నాలుగు టీలు పుచ్చుకోవలసి వచ్చింది. బస్టాండు దగ్గర బంకులో చిన్ననాటి స్నేహితుడు ఒకడు చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఎన్నాళ్ళకొచ్చినావప్పా! టీ తాగకుండా పోతావా?” అన్నాడు. రెండోది చెప్పుల కొట్టు ముందర. మూడోది నా చేత ఓనమాలు దిద్దించిన అయ్యవారి ఇంటి అరుగు మీద. నాలుగోది ఎవరు పోయించారో నాకే సరిగా గుర్తులేదు. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే మా అమ్మ, “కాళ్ళు కడుక్కో నాయనా, టీ పెడతా” అంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. తాగితే రాత్రి నిద్ర పట్టదు. తాగాను. నిద్ర పట్టలేదు. ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ చేసిన ఆలోచనలే ఈ వారం పాఠకుల ముందు పెడుతున్నాను.

మా చిన్నతనంలో మా అవ్వ చెప్పేది. ఆమడ దూరం నడిచి వచ్చిన మనిషికి ముందు కాళ్ళకు నీళ్ళిచ్చి, తర్వాత చెంబుడు మజ్జిగ ఇవ్వడం ఇంటి ధర్మమట. ఇప్పుడు ఆ చెంబు స్థానంలోకి చారెడు గ్లాసు వచ్చింది. ఈ సంగతే ఒకసారి తరగతిలో ప్రస్తావిస్తే ఒక కుర్రవాడు లేచి, “మజ్జిగ మనదండీ, టీ ఇంగ్లీషువాళ్ళది. వాళ్ళు పోతూ పోతూ వదిలిపెట్టి పోయారు” అన్నాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. కాని ఆ మాట సగమే నిజం. ఇంగ్లీషువాళ్ళు టీతో పుట్టలేదు. వాళ్ళ తాతముత్తాతలు పొద్దున్నే తాగింది పలుచని బీరు. వాళ్ళకూ ఎవరో అలవాటు చేశారు. వాళ్ళ ఇళ్ళలోనూ అవ్వలు తిట్టారు. ఆ కథ కొంచెం తెలిస్తే మన కథ మనకు ఇంకొంచెం తెలుస్తుంది.

మా ఇంట్లోకి టీ మొదట మందుగా వచ్చింది. జ్వరం వస్తే అన్నం బంద్. నాయన బజారు నుంచి ఒక బన్ను, ఒక చిన్న టీపొడి పొట్లం తెచ్చేవాడు. బన్ను టీలో ముంచుకుని తినాలి. జ్వరం తగ్గిన మరునాటి నుంచి మళ్ళీ సద్ది సంగటి, మజ్జిగ. అందుచేత బళ్ళో చదువుకునే రోజుల్లో నేను అప్పుడప్పుడు జ్వరం కోసం దేవుణ్ణి ప్రార్థించిన మాట వాస్తవం. పొట్లంలో మిగిలిన పొడిని మా అవ్వ వాము డబ్బా పక్కన, శొంఠి కొమ్ముల సరసన దాచేది. అది వంట సరుకు కాదని ఆమె అభిప్రాయం.

ఇంగ్లండులోనూ సరిగ్గా ఇదే జరిగింది. లండనులో శామ్యూల్ పీప్స్ అని నౌకాదళ కార్యాలయంలో ఒక ఉద్యోగి ఉండేవాడు. దినచర్య రాసుకునే అలవాటు ఉన్నవాడు కనుక ఆ కాలపు ముచ్చట్లు ఎన్నో మనకు దక్కాయి. 1660 సెప్టెంబరులో ఒకనాడు తాను మొదటిసారి టీ తాగినట్టు రాసుకున్నాడు. అప్పటికి అది చీనా దేశపు వింత పానీయం. ఏడేళ్ళ తర్వాత, 1667లో, ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య టీ కాచుకుంటూ కనిపించింది. ఎందుకట? పడిశానికి మంచిదని మందులవాడు చెప్పాడట! మా అవ్వ వాము డబ్బాకూ ఆ మహాతల్లి మందుకూ మధ్య మూడు వందల ఏళ్ళకు పైన దూరం ఉంది గాని, తేడా మాత్రం అట్టే లేదు. ఆ రోజుల్లోనే గార్వే అనే వర్తకుడు టీ సకల రోగ నివారిణి అని కరపత్రం అచ్చు వేయించి, పౌను బరువు ఆకును 16 నుంచి 50 షిల్లింగుల దాకా అమ్మాడు. అంత ధర పెట్టి కొనగలిగినవాడికి అసలు రోగం ఎందుకొస్తుందో!

మందును మర్యాదగా మార్చింది ఒక కొత్తకోడలు. 1662లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ పోర్చుగల్ రాజకుమారి కాథరీన్‌ను పెళ్ళాడాడు. ఆమె వెంట అరణంగా మన బొంబాయి వెళ్ళిన సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. పోర్చుగీసువాళ్ళకు మకావు రేవులో చీనావాళ్ళతో వర్తకం ఉంది కనుక ఆమె పుట్టింట టీ అప్పటికే అలవాటు. రాణి తాగితే రాణి చుట్టూ ఉన్న దొరసానులు తాగక తప్పదు. దొరసానులు తాగితే వర్తకుల భార్యలు ఊరుకోరు. కాఫీ హోటళ్ళు మగవాళ్ళ రాజ్యం. అక్కడికి వెళ్ళడం ఇల్లాళ్ళకు మర్యాద కాదు. ఆకు కొనుక్కుని ఇంటికి తెచ్చుకుని కాచుకుంటే కాదనేవాళ్ళు లేరు. ట్వైనింగ్ అనే ఆయన 1706లో లండనులో ఒక కాఫీ హోటలు పెట్టి, 1717లో దాని పక్కనే టీ కొట్టు తెరిచాడంటే గిరాకీ ఎటు పోతున్నదో గ్రహించాడన్న మాట. ఆ కాలపు సంపన్నుల ఇళ్ళలో టీపొడి పెట్టెకు తాళం ఉండేది. తాళంచెవి ఇంటావిడ నడుముకు ఉండేది. మన ఇళ్ళలో పచ్చకర్పూరం, కుంకుమపువ్వు దాచుకున్నట్టు.

తెలుగు పంతులును కనుక ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. చీనాలో ఈ ఆకుకు రెండు పలుకుబళ్ళు ఉన్నాయి. కొన్ని ప్రాంతాల్లో ‘చా’, ఫుజియన్ తీరంలో ‘తే’. పారశీకం మీదుగా నేల మార్గాన వచ్చిన మాట ‘చాయ్’ అయింది. డచ్చి ఓడల మీద సముద్ర మార్గాన పోయిన మాట ‘తే’, ‘టే’ అయి, చివరికి ఇంగ్లీషువాళ్ళ నోట ‘టీ’ అయింది. పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో ఇంగ్లీషువాళ్ళు కూడా ‘టే’ అనే పలికేవారని వాళ్ళ కవుల అంత్యప్రాసలు సాక్ష్యం చెబుతున్నాయి. ప్రపంచంలో చాలా భాషలు ఈ రెంటిలో ఒకదానితో సరిపెట్టుకున్నాయి. తెలుగువాడు మాత్రం రెంటినీ వదల్లేదు. హైదరాబాదు ఇరానీ హోటలులో కూర్చుంటే ‘చాయ్’, కోస్తాలో, మా సీమలో ‘టీ’. తోటలో ఉన్నంతసేపూ అది ‘తేయాకు’. ఆ మాటలో పాత ‘తే’ చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. ‘తేనీరు’ అన్నవాడెవరో గాని వాడికి నమస్కారం. తేనె రుచి స్ఫురించే మాట. ఏనాడూ ఎవరూ హోటలుకు వెళ్ళి ‘ఒక తేనీరు’ అని అడగలేదన్నది వేరే సంగతి.

సరే, దొరసానుల నుంచి కూలివాడి దాకా అది ఎలా దిగింది? రుచి వల్ల అనుకుంటే పొరపాటు. ధర వల్ల. చీనా టీ వర్తకం అంతా ఈస్టిండియా కంపెనీ గుత్తసొత్తు. దాని మీద సర్కారు పన్ను. ఆ పన్ను పెరిగి పెరిగి 1784 నాటికి సరుకు ధర మీద నూటికి 119 అయింది. పన్ను పెరిగితే దొంగసరుకు పెరుగుతుంది. సముద్రతీరపు పల్లెల్లో రాత్రిపూట పడవల మీద టీ దిగేది. ఇంట్లో ఎవరు తాగుతున్నదీ సర్కారుకు పన్ను కట్టిన టీయో, చీకట్లో దిగిన టీయో చెప్పడం కష్టం. వాడి పారేసిన ఆకును ఎండబెట్టి, చెట్ల ఆకులు కలిపి రంగు వేసి అమ్మిన ఘనులు కూడా ఉన్నారు. 1784లో చిన్న పిట్ ప్రధానమంత్రిగా ఉండి పన్నును ఒక్కసారిగా పన్నెండున్నర శాతానికి దించాడు. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఇళ్ళ కిటికీల మీద పన్ను పెంచాడు. అంటే, ఎంత గాలీ వెలుతురూ కావాలో లెక్క చూసుకోండి, టీ మాత్రం కావలసినంత తాగండి అన్నాడన్న మాట! మరుసటి ఏడాదికే కంపెనీ అమ్మిన సరుకు రెండింతలు దాటింది. దొంగవ్యాపారం కూలిపోయింది.

ఆ తర్వాత పదహారేళ్ళకు, 1800లో, నిజాము మన జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1807 దాకా ఆయన కొలువు అనంతపురంలోనే. మా తాతల కాలం దాకా మన్రోను దేవుడిలా చెప్పుకునేవాళ్ళు మా ప్రాంతంలో ఉండేవారు. ఆయన 1813లో ఇంగ్లండులో కామన్స్ సభ ముందు సాక్ష్యం ఇచ్చాడు. అక్కడి వర్తకులకు ఒకటే ఆశ: ఇండియాలో మన సరుకు ఎంత అమ్మవచ్చు? పెద్దగా అమ్ముడుపోదు అన్నది మన్రో సమాధానం. అక్కడి జనం అలవాట్లు వేరు, తిండి వేరు, వాళ్ళ నేత మన నేత కంటె మేలు అని చెప్పాడు. మా ఊళ్ళ మధ్య గుడారాలు వేసుకుని, సంగటి ముద్దనూ మజ్జిగ కుండనూ కళ్ళారా చూసిన మనిషి కనుక అలా అన్నాడు. బట్ట విషయంలో ఆయన జోస్యాన్ని సీమ మిల్లులు తలకిందులు చేశాయి. టీ విషయంలో తలకిందులు కావడానికి ఇంకో వందేళ్ళ పైన పట్టింది. ఆ 1813 చట్టంలోనే తమాషా ఒకటి ఉంది. ఇండియా వర్తకం అందరికీ తెరిచారు గాని, టీ వర్తకం మాత్రం 1833 దాకా కంపెనీ చేతిలోనే ఉంచారు. ఎందుకుంచరు? ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు పదో వంతు టీ పన్ను నుంచే వచ్చేది.

ఆ టీకి చెల్లించడానికి వెండి చాలక బెంగాలు నల్లమందును చీనాకు తోలారు. అందుమీద యుద్ధాలు జరిగాయి. చీనా మీద ఆధారపడటం ఎందుకని అస్సాములో తోటలు వేశారు. 1839లో అస్సాం టీ మొదటిసారి లండనులో వేలానికి వచ్చింది. ఆ తోటల్లో ఆకు కోయడానికి దేశం నలుమూలల నుంచి కూలీలను తరలించారు. తెలుగువాళ్ళూ వెళ్ళారు. వాళ్ళ సంతతి ఈనాటికీ అక్కడ ఉంది. ఇదంతా ఒక్కొక్కటి ఒక్కొక్క గ్రంథం. నా దారి పల్లెటూరి వైపు కనుక వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను.

మన దేశంలో పండిన టీ మనకు అక్కర్లేకపోయింది చాలాకాలం. తోటల దొరలకూ ఆ సంగతి పెద్దగా పట్టలేదు. సీమకు ఎగుమతి ఉంటే చాలు. 1903లో ఎగుమతి అయ్యే టీ మీద చిన్న సుంకం వేసి, ఆ డబ్బుతో ప్రచారం చేయడానికి ఒక చట్టం చేశారు. 1930 ప్రాంతాల ఆర్థిక మాంద్యంలో విదేశాల గిరాకీ పడిపోయేసరికి తోటల వాళ్ళకు ఇంటి గడపల్లో ఉన్న కోట్ల జనం కళ్ళకు కనబడ్డారు. ప్రచార సంఘం 1937లో ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు అని పేరు మార్చుకుని ఊళ్ళ మీద పడింది. సంతల్లో, మిల్లుల్లో, రైల్వే స్టేషన్లలో టీ కాచి చూపించారు, ఊరికే పోశారు. టీ ఎలా కాచాలో మెట్టు మెట్టుగా బొమ్మలతో బోర్డులు పెట్టారు. వాళ్ళు నేర్పింది సీమ పద్ధతి. నీళ్ళు వేరే మరగాలి, ఆకు మీద పోసి మూత పెట్టాలి, పాలు, చక్కెర తర్వాత. మనవాళ్ళు శ్రద్ధగా చూశారు. ఇంటికి వెళ్ళి నీళ్ళూ పాలూ పొడీ చక్కెరా ఒక్క గిన్నెలో పోసి కుతకుత ఉడికించారు. ఇన్ని నేర్పిన బోర్డువాళ్ళు ఈ ఒక్క విషయంలో ఓడిపోయారు.

గాంధీజీకి టీ గిట్టదు. శరీరానికి అది అక్కర్లేదని ఆయన రాశారు. బెంగాలులో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే టీ పానం విషపానమే అన్నంత పని చేశారు. ఇందరు పెద్దలు వద్దన్నా జనం తాగారంటే జనానికి బుద్ధి లేదనుకోవాలా? నేను చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎందుకంటే నేను పెరిగింది మా అవ్వ దగ్గర.

ఇంగ్లండులోనూ ఇలాంటి పెద్దలు ఉన్నారు. 1756లో జోనాస్ హాన్వే అనే పెద్దమనిషి టీ మీద ఒక వ్యాసం రాసి, దీనివల్ల దేశం చెడిపోతోంది, కూలివాళ్ళు సైతం తాగుతున్నారు, ఆడవాళ్ళ అందం పాడవుతోంది అని వాపోయాడు. నిఘంటుకర్త డాక్టర్ జాన్సన్ మహా టీ ప్రియుడు. పొద్దున్నా సాయంత్రమూ అర్ధరాత్రీ టీ లేనిదే ఉండలేని మనిషి. ఆయన మరుసటి ఏడాది హాన్వేకు గట్టిగా బదులు చెప్పాడు. 1821 ప్రాంతంలో విలియం కాబెట్ వచ్చాడు. ఈయన రైతుపక్షపు మనిషి. టీ కాచడానికి పట్టే సమయం, కట్టెల ఖర్చు, పొడి ఖర్చు అన్నీ పైసలతో సహా లెక్కగట్టి, దానికంటె ఇంట్లో బీరు కాచుకుని తాగితే ఒంటికి బలం అని పల్లెటూరి సంసారాలకు హితవు చెప్పాడు. బీరు మాట అలా ఉంచితే, ఆయన చీర కట్టుకుని నడుముకు తాళంచెవి దోపుకుంటే అచ్చం మా అవ్వ.

ఇక నేను చెప్పదలచుకున్న సంగతికి వస్తున్నాను. 1980ల చివరి సంవత్సరాల మాట. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. చెనిక్కాయ చేలో కలుపు తీయడానికి ఊరి బయటి వాడ నుంచి అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చేవారు. అందులో ఒకామె పెద్దది. పొద్దున్నే మా కొట్టం ముందర నిలబడి, చేలోకి పోయే ముందు ఇంటి నుంచి తెచ్చుకున్న టీ తాగుతూ ఉండేది. నల్లగా ఉండేది ఆ టీ. పాలు లేవు. మా అవ్వ ఒకనాడు ఊరుకోలేక అంది:

“ఏమే, పొద్దన్నే ఆ రంగునీళ్ళు తాగి చేలోకి పోతే నడుము నిలుస్తాదా? ముద్ద సంగటి తిని, ఇంత మజ్జిగ తాగి రావచ్చు కదా? ఆ దుడ్లు అంగడోనికి పోసేదానికి బదులు రాగులు కొనుక్కో.”

ఆమె గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది:

“మజ్జిగ యాడిదమ్మా? ఆవును పోయిన కరువులో తోలేస్తిమి. కసువు లేదు, యాడ మేపుదును? రాగులు అయిపోయి నెలాయె. అర్ధరూపాయి పొట్లం తెస్తే అయిదు దినాలు వస్తాది. ఇంత బెల్లం ముక్క ఏస్తా. ఉడుకుడుగ్గా తాగితే మద్దేనం దాకా కడుపు అడగదు. మజ్జిగ ఉంటే టీ ఎందుకు తాగుతానమ్మా నేను?”

మా అవ్వ మాట్లాడలేదు. నాకు ఆ రోజు అది పెద్ద విషయంగా తోచలేదు. అవ్వను ఎవరో నోరు మూయించారని మాత్రం ఆశ్చర్యపడ్డాను.

చాలా ఏళ్ళ తర్వాత ఇంగ్లండు పల్లెల చరిత్ర చదువుతుంటే డేవిడ్ డేవిస్ అనే ఆయన తగిలాడు. బర్క్‌షైర్‌లో బార్కమ్ అనే పల్లెటూరి చర్చి పాదిరి. తన ఊరి కూలి సంసారాల వద్ద కూర్చుని, రొట్టెకెంత, కట్టెలకెంత, సబ్బుకెంత, టీకెంత అని వారం ఖర్చులు అడిగి రాసుకుని, 1795లో పుస్తకంగా అచ్చు వేయించాడు. కూలివాళ్ళు టీ తాగి పాడైపోతున్నారని ధనికులు తిడుతున్నారు కదా, వాళ్ళకు ఆయన చెప్పిన సమాధానం చదువుతూ ఉంటే నాకు మా కొట్టం ముందర నిలబడ్డట్టు అయింది. ఊరుమ్మడి బయళ్ళకు కంచెలు పడ్డాయి, కూలివాడికి ఆవును మేపుకునే చోటు పోయింది, పాలు పోయాయి. మాల్టు మీద పన్ను పెరిగి పలుచని బీరు కూడా అందకుండా పోయింది. ఇక మిగిలింది ఎండు రొట్టె. అది గొంతు దిగడానికి వేడినీళ్ళలో నాలుగు చవకబారు ఆకులు వేసి, అన్నిటికంటె నల్లని చక్కెర కలుపుకుంటున్నారు. దాన్ని మీరు విలాసం అంటున్నారా? టీ తాగడం వల్ల వాళ్ళు బీదవాళ్ళు కాలేదు, బీదవాళ్ళు కావడం వల్లనే టీ తాగుతున్నారు. ఇదీ ఆయన వాదం సారాంశం. నల్ల చక్కెర దగ్గరికి వచ్చేసరికి నాకు బెల్లం ముక్క గుర్తొచ్చింది. పుస్తకం మూసేశాను.

ఇంగ్లండును టీ దేశం చేసింది రాణి కాథరీన్ అని నేను పైన రాశాను. అది రాజప్రాసాదం మాట. కూలివాడి ఇంట్లో టీని నిత్యకృత్యం చేసింది కంచె వేసిన పచ్చిక బయలు, పడమటి దీవుల బానిసలు చెరుకు నరికి పండించిన చవక చక్కెర. ఆ తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. పన్నెండు, పద్నాలుగు గంటల పని. వండుకునే తీరిక లేని ఇంట్లో రొట్టె, తియ్యటి టీ భోజనమై కూర్చున్నాయి. రెండవ ప్రపంచయుద్ధం నాటికి అది ఎంత ముదిరిందంటే, 1940 జూలైలో టీకి రేషను పెట్టి మనిషికి వారానికి రెండు ఔన్సులు ఇచ్చారు. ఆ రేషను 1952 దాకా ఎత్తేయలేదు.

మా సీమలో కంచె వేసినవాడు ఎవడూ లేడు. ఇక్కడ వానే లేదు. ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిస్తే కురిసినట్టు. రాగి, కొర్ర, సజ్జ పండిన చేలల్లో చెనిక్కాయ వచ్చింది. చెనిక్కాయ డబ్బు తెస్తుంది గాని కుండలో ముద్ద కాదు. వరసగా రెండేళ్ళు వాన తప్పితే ముందు పోయేది గొడ్డు. గొడ్డుతో పాటు మజ్జిగ. ఆ ఖాళీలోకి టీపొడి పొట్లం వచ్చింది. అదీ చవకైన పొడి. 1930 ప్రాంతంలో అస్సాములో మెకెర్చర్ అనే దొర ఆకును నలిపి, చించి, చుట్టే యంత్రం ఒకటి కనిపెట్టాడు. పెద్ద ఆకు కంటె ఆ పొడి తొందరగా రంగు దిగుతుంది, తక్కువ పొడికి ఎక్కువ గ్లాసులు వస్తాయి. అర్ధరూపాయి పొట్లం అయిదు రోజులు రావడంలో ఆ యంత్రం పాత్ర ఉంది. ఈనాడు మన దేశంలో పండే టీలో అయిదింట నాలుగు వంతులు మనమే తాగుతున్నాం. అందులో ఎంత సరదాకు తాగుతున్నామో, ఎంత కడుపు అడక్కుండా తాగుతున్నామో లెక్కగట్టేవాళ్ళు డేవిస్ పాదిరిలా ఊరూరా తిరగాలి.

ఆ పెద్దామె మాటలు మా అవ్వ మీద పనిచేశాయి. మరునాటి నుంచి కలుపుకు వచ్చిన వాళ్ళకు మా ఇంట్లోనే టీ కాచి, మా ఆవుపాలే పోసి ఇచ్చేది. ఎన్నో ఏళ్ళు నేను ఈ సంగతి అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. చెప్పినప్పుడల్లా ఒక ముక్క దాటేసేవాణ్ణి. ఇప్పుడు దాటవేయను. మా ఇంటివాళ్ళం తాగేది స్టీలు గ్లాసుల్లో. ఆమెకూ ఆమె తోటివాళ్ళకూ సత్తు గ్లాసులు వేరే ఉండేవి. అవి లోపలికి వచ్చేవి కావు. కొట్టం చూరులో, బోద గడ్డిలో దోపి ఉండేవి. వాళ్ళే తీసుకోవాలి. మా అవ్వ పైనుంచి, గ్లాసుకు గిన్నె తగలకుండా పోసేది. తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ వాళ్ళే చూరులో దోపాలి. నేను చిన్నవాణ్ణి, చూరు నాకు అందదు. అందినా తీసేవాణ్ణని ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

ఇంగ్లండు కథలో ఈ గ్లాసు లేదు. ధనికుడు పింగాణీలో, పేదవాడు మట్టికప్పులో తాగి ఉండవచ్చు. ఒకరి కప్పు ఒకరు ముట్టకూడదన్న నియమం మన సొంతం. హోటళ్ళలో అందరికీ ఉంచిన గ్లాసులు అంటరానితనం పేరుతో ఒకరిని వాడుకోనివ్వకపోతే నేరమని 1955లోనే చట్టం వచ్చింది. అయినా 2001లో జస్టిస్ పున్నయ్య సంఘం నివేదిక ఇచ్చే నాటికి కూడా రాష్ట్రంలో ఎన్నో పల్లెల టీ అంగళ్ళలో రెండు రకాల గ్లాసులు ఉన్నట్టు బయటపడింది. చీనా నుంచి లండనుకు, లండను నుంచి అస్సాముకు, అక్కడి నుంచి మా ఊరి దాకా ఎన్ని సముద్రాలు దాటి వచ్చిన టీ, మా కొట్టం నుంచి మా పడసాలకు ఉన్న పది అడుగులు దాటలేకపోయింది.

అవ్వ పోయి చాలాకాలమైంది. ఆ పెద్దామె కూడా లేదు. మా ఇంట్లో గొడ్లు లేవు. పాలు పాకెట్టులో వస్తాయి. కొట్టం ఊరికే పాడుపడి ఉంటే, నాలుగేళ్ళ కిందట దాన్ని పీకించి ఒక గది వేయించాను. చూరు లాగుతుంటే ఎండిన బోద గడ్డితో పాటు ఒక సత్తు గ్లాసు ఠంగుమని బండ మీద పడింది. అంచు సొట్ట పోయింది. పనికి వచ్చిన కుర్రవాడు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ఎవరిది సార్ ఇది? చూర్లో పెట్టినారే?” అన్నాడు.

వాడికి ఇరవై ఏళ్ళు ఉంటాయి. నిజంగానే తెలియక అడిగాడు. చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో పదకొండు గంటలయిందని మేస్త్రీ పని ఆపించి, అంగడి నుంచి ఫ్లాస్కులో టీ తెప్పించాడు. కాగితం కప్పులు ఒకదానిలో ఒకటి ఇరికించి తెచ్చారు. అందరికీ పోస్తూ ఉంటే చివరికి ఒక కప్పు తగ్గింది. కుర్రవాడు చేతిలో ఉన్న సత్తు గ్లాసును కొళాయి కింద కడుక్కుని వచ్చి ముందుకు చాచాడు.

నేను గబగబా నా కాగితం కప్పు వాడికిచ్చి, ఆ గ్లాసు పుచ్చుకున్నాను. వాడు నా వంక వింతగా చూశాడు. టీ చాలా వేడిగా ఉంది. సత్తు గ్లాసు కదా, పట్టుకుంటే చెయ్యి కాలింది.